నీలం చుక్కతో లష్కర్ గల్లీల్లో



సికింద్రాబాద్ స్టేషన్‌కు తెల్లవారుజామున రైళ్లు వరుసగా వస్తుంటాయి. విశాఖ నుంచి, తిరుపతి నుంచి, మచిలీపట్నం నుంచి. బండి దిగినవాళ్లకు ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఫోను. పదిహేనేళ్ల కిందట ఇదే జనం బయటికి రాగానే ఎవరో ఒకరి మొహంలోకి చూసేవాళ్లు. ఆటో అన్న కావచ్చు, పేపర్లు సర్దుకునే కుర్రాడు కావచ్చు, ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డ పెద్దాయన కావచ్చు. ఇప్పుడు తల వంచి తెరలోకి చూస్తున్నారు. తెర మీద ఒక నీలం చుక్క. ఆ చుక్క తామే.

ఆ చుక్క కదిలినకొద్దీ నడిచే మనిషి మనసు ఎన్ని రకాలుగా మారుతుందో ఇవాళ మాట్లాడుకుందాం. కారులో కూర్చున్నవాళ్ల సంగతి నేను చెప్పడం లేదు. వాళ్లు దారి తప్పినా ఏసీలోనే తప్పుతారు. నడిచేవాడికి ఎండ తగులుతుంది, కాలికి రాయి తగులుతుంది, పక్కవాళ్ల చూపు తగులుతుంది.

మొదటి తడబాటు మొదటి అడుగు దగ్గరే. మ్యాప్ యాప్‌ను తెలుగులో పెట్టుకుంటే ముందుగా చెప్పేది ఈశాన్యం దిశగా వెళ్లమనో, వాయవ్యం దిశగా వెళ్లమనో. ఈశాన్యం సంగతి మన తెలుగువాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బోరు ఎక్కడ వేయాలో, పూజగది ఎక్కడ రావాలో, ఏ మూల బరువు పెట్టకూడదో పసిపిల్లాడు కూడా చెబుతాడు. కానీ అది ఇంట్లో. రేతిఫైల్ బస్‌స్టాండ్ ముందు నిలబెట్టి ఈశాన్యం ఎటు అంటే సూర్యుడి కోసం వెతుక్కోవాలి, ఆ సూర్యుడేమో ఏదో కాంప్లెక్స్ వెనకాల ఉంటాడు. అప్పుడు మనిషి ఫోను పట్టుకుని నిలబడ్డచోటే గుండ్రంగా తిరుగుతాడు. ఒకసారి అటు, ఒకసారి ఇటు. చుక్కకు ముందు టార్చిలైటు వెలుగులా ఒక నీలి నీడ ఉంటుంది, మనం ఎటు తిరిగితే అదీ అటే తిరగాలని లెక్క. మనం ఉత్తరానికి తిరిగితే అది దక్షిణానికి తిరుగుతుంది. ఫోనులో ఉండే దిక్సూచి భూమి అయస్కాంతాన్ని బట్టి పనిచేస్తుంది. పక్కన పెద్ద ఇనుము ఉంటే దానికి దిక్కు తోచదు. నెత్తిన మెట్రో వంతెన, పక్కన రైలు పట్టాలు, ముందు ఇనుప బారికేడ్లు ఉన్నచోట దాన్ని తప్పు పట్టి లాభం లేదు. ఫోన్ని గాలిలో ఎనిమిది అంకెలా తిప్పమని యాప్ సలహా ఇస్తుంది. ఆల్ఫా హోటల్ ముందు నడిరద్దీలో ఒక మనిషి చేతిని అలా తిప్పుతుంటే చాయ్ తాగేవాళ్లు కళ్లప్పగించి చూస్తారు. ఆ చూపు తగిలిన క్షణమే మనిషిలో సిగ్గు మొదలవుతుంది.

చుక్క దూకుడు ఇంకో తలనొప్పి. ఆకాశంలో ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను లెక్కగట్టి ఫోను మనం ఎక్కడున్నామో తేలుస్తుంది. 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే సంకేతాన్ని కావాలనే మసకబార్చి ఇచ్చేది. ఆ అడ్డు తీసేశాకే ఈ చుక్క మన జేబుల్లోకి రావడానికి దారి పడింది. ఇప్పుడు ఆరుబయట అయితే దాదాపు అయిదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. పరేడ్ గ్రౌండ్‌లో నిలబడితే అయిదు మీటర్లు పెద్ద లెక్క కాదు. జనరల్ బజార్‌లో గల్లీ వెడల్పే అయిదు మీటర్లు ఉండని చోట్లున్నాయి. పైగా రెండు పక్కలా మూడంతస్తుల దుకాణాలు. సంకేతం గోడలకు తగిలి తిరిగి వస్తుంది, ఫోను దాన్ని నమ్మేస్తుంది. చీరల గల్లీలో ఉన్న మనిషిని పక్క గల్లీలో నిలబెడుతుంది.

ఇక్కడ నేను చాలామందిలో గమనించిన విషయం ఒకటుంది. చుక్క తప్పు చూపిస్తే ముందు ఎవరూ ఫోన్ని అనుమానించరు, తమనే అనుమానించుకుంటారు. "నేనే సరిగా తిరగలేదేమో" అనుకుని నాలుగడుగులు వెనక్కి వేస్తారు. కాసేపటికి కోపం వస్తుంది. అది కూడా ముందు తమ మీదే, తర్వాత ఫోను మీద, చివరికి లొకేషన్ పంపినవాడి మీద. "సరిగా పంపొచ్చు కదా!" అని ఫోను చేసి విసుక్కుంటారు. పాపం, అవతలివాడు పంపింది సరిగానే ఉంటుంది.

అమెరికాలో కెవిన్ లించ్ అని నగరాల ప్రణాళిక పాఠాలు చెప్పిన ఒకాయన 1960లో ఒక పుస్తకం రాశారు. బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలస్ ఊళ్లలో జనాన్ని కూర్చోబెట్టి, మీ ఊరు మీ మనసులో ఎలా ఉందో చెప్పమని అడిగి రాసిన పుస్తకం. దారి తప్పడమంటే ఎక్కడున్నామో తెలియకపోవడం ఒక్కటే కాదని, అందులో లోతైన భయం ఉంటుందని, ఊరి రూపం మనసులో స్పష్టంగా ఉన్నవాడికి ఆ భయం తగ్గుతుందని ఆయన అభిప్రాయం. ఆయన రాసిన కాలానికి ఈ చుక్క లేదు. ఇప్పుడు ఊరి రూపం మనసులో లేకపోయినా ఊరంతా తిరగొచ్చు. మరి భయం పోయిందా? నన్నడిగితే పోలేదు. దాన్ని బయటపెట్టే చోటు మారింది.

అదివరకు లష్కర్‌లో దారి తప్పడం నలుగురి మధ్య జరిగే పని. మా సికింద్రాబాద్‌ను పాతవాళ్లు లష్కర్ అనే అంటారు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద, ఇంగ్లీషు సైన్యం విడిది చుట్టూ వెలిసిన ఊరు కదా. ఇక్కడ దారి అడిగితే వచ్చే జవాబుకు ఒక పద్ధతుంది.

"భయ్యా, మోండా మార్కెట్ ఎటు?"

"సీదా పోండి, టవర్ గడియారం దగ్గర ఎవర్నైనా అడగండి."

మొత్తం దారి ఎవరూ చెప్పరు. తనకు తెలిసినంత చెప్పి, మిగతాది ముందున్న మనిషికి అప్పగిస్తారు. ఆ మనిషి ఇంకొంచెం చెప్పి మరొకరికి అప్పగిస్తాడు. అడిగినవాడు అలా చేతులు మారుతూ ఊరు చేరతాడు. మధ్యలో ఒకాయన "ఏ ఊరు మీది? వరంగలా? మా చెల్లెలు అక్కడే" అంటాడు. ఇంకొకాయన తెలియకపోయినా తెలియదని చెప్పడం మర్యాద కాదనుకుని ధైర్యంగా తప్పు దారి చెబుతాడు. అదీ ఉంది, దాచడమెందుకు!

ఇక గుర్తుల సంగతి. లష్కర్‌లో దారి చెప్పడానికి కావాల్సిన భవనాల్లో కొన్ని ఇప్పుడు లేనే లేవు. సంగీత్ థియేటర్ పోయి ఎన్నో ఏళ్లయింది, సంగీత్ చౌరస్తా ఉంది. గాంధీ ఆస్పత్రి ముషీరాబాద్ వైపు వెళ్లిపోయి ఇరవై ఏళ్లు దాటింది, అయినా స్టేషన్ దగ్గర పాత గాంధీ అంటే ఆటోవాళ్లకు అర్థమవుతుంది. జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డయింది, కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డయింది, పెద్దవాళ్ల నోట ఇంకా పాత పేర్లే దొర్లుతాయి. మనవాళ్లు వీధి పేర్లతో నడవరని, గుర్తులతో నడుస్తారని గూగుల్ కూడా తెలుసుకుంది. 2009 డిసెంబర్‌లో మన దేశం కోసం ప్రత్యేకంగా దారి సూచనల్లో గుర్తులు చేర్చింది. ఫలానా పెట్రోల్ బంకు దాటాక తిరగండి, ఫలానా గుడి పక్క నుంచి పోండి అన్నట్టు. అంతకు ఏడాది ముందు, 2008లో, వీధులను జనమే గీసుకునేలా మ్యాప్ మేకర్ అనే సాధనం వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్లలో ముందుండి నడిపినవాడు మన తెలుగు ఇంజినీరు లలితేష్ కాట్రగడ్డ. 2017లో దాన్ని మూసేశారు గానీ, ఎక్కడెక్కడి గల్లీలూ మ్యాప్‌కు ఎక్కింది అలా ఎవరో ఓపిగ్గా గీసినందువల్లే. కాబట్టి ఫోన్ని అడిగినా మనం అడుగుతున్నది ఆ గల్లీవాడినే. కాకపోతే వాడు మనల్ని చూడడు, మనది ఏ ఊరని అడగడు.

ఇంతవరకు విన్నవాళ్లు, పాత రోజులే బాగుండేవని ఈయన పాట ఎత్తుకుంటున్నాడు అనుకుని ఉంటారు. లేదండీ. అడగడం అందరికీ ఒకేలా సులువు కాదు.

ఉద్యోగం కోసం మొదటిసారి ఊరు దిగిన ఆడపిల్లను తీసుకోండి. చీకటి పడ్డాక చిలకలగూడ వైపు హాస్టల్ వెతుక్కుంటూ పోతోంది. దారి అడిగిందంటే తను కొత్తదని, ఒంటరిదని, ఎక్కడికి పోతోందో కూడా నడివీధిలో చాటినట్టే. అడిగిన ప్రతి ప్రశ్నా ఒక సమాచారం ఇచ్చేస్తుంది. ఫోను చూసుకుంటూ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఈ వీధిలోనే పుట్టి పెరిగినదానిలా నడిస్తే ఆమె మొహంలో వచ్చే నిబ్బరం వేరు. ఆ నిబ్బరం యాప్ ఇచ్చిందే. 2014లో ఆడవాళ్ల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ వచ్చాయి. 2024లో తెలంగాణ పోలీసులు ఒంటరి ప్రయాణాన్ని గమనిస్తూ ఉండే టీ-సేఫ్ అనే సేవ తెచ్చారు. ఈ ఏర్పాట్లన్నిటికంటే ముందు ఆమె చేతిలో ఉండేది యాప్ చూపే ఆ నీలం గీతే. అడిగితే ఎగాదిగా చూసి జవాబిచ్చే దుకాణాలున్న ఊళ్లో, బట్టల్ని బట్టి, యాసను బట్టి గొంతు మారే మనుషులున్న ఊళ్లో, ఎవరికీ లోకువ కాకుండా గమ్యం చేరడం చిన్న విషయం కాదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ మేస్త్రీ పని చేసే కుర్రాళ్లను అడిగితే ఈ మాట నాకంటే బాగా చెబుతారు.

కానీ ఆ గీతకు తెలిసింది దగ్గర దారి మాత్రమే. ఏ వీధిలో దీపం వెలుగుతుందో, ఏ మలుపులో కుక్కలుంటాయో, ఏ వైన్స్ ముందు గుంపు ఉంటుందో దానికి పట్టదు. 2014లో డానియెలె క్వెర్చియా అనే పరిశోధకుడు, మరో ఇద్దరు కలిసి ఈ లోటు మీదే పనిచేశారు. లండన్ వీధుల ఫోటోలు రెండేసి పక్కపక్కన పెట్టి, ఏది అందంగా ఉంది, ఏది ప్రశాంతంగా ఉంది, ఏది సంతోషంగా ఉంది అని జనాన్ని అడిగారు. ఆ జవాబులతో దగ్గర దారికి బదులు ఆహ్లాదమైన దారి చూపే లెక్క తయారుచేశారు. అది దగ్గర దారికంటే పెద్ద పొడవేమీ కాదని తేలింది. మా ఊళ్లో ఎవరైనా ఇలాంటిది చేస్తే నా ఓటు ఏ దారికో ఇప్పుడే చెబుతాను. మహాత్మాగాంధీ రోడ్డు హారన్ల మోతను వదిలేసి, జనరల్ బజార్ గల్లీల్లో దూరి, ఉజ్జయిని మహంకాళి గుడి ముందు నుంచి పోవడమే. మధ్యాహ్నం మూడింటికి అక్కడ గజ్జెలు, జరీ అంచులు, పూలదండలు అమ్మేవాళ్లు బేరాల్లేక కబుర్లాడుకుంటుంటారు. ఆషాఢంలో లష్కర్ బోనాల ఆదివారం మాత్రం ఆ దారి జోలికి పోకండి. ఆ రోజు ఫోను ఏ గీత గీసినా జనం తోసుకెళ్లిన దారే దారి.

సికింద్రాబాద్‌లో నడిచేవాడికి ఇంకో పరీక్ష గోడలు. రైల్వే గోడలు, మిలిటరీ గోడలు, పెద్ద పెద్ద బడుల ప్రహరీలు. గమ్యం యాభై మీటర్లని చూపిస్తుంది, గేటు కిలోమీటరు అవతల ఉంటుంది. కంటోన్మెంట్‌లో సైన్యం రోడ్లు మూసే గొడవ ఏళ్ల తరబడి నడుస్తోంది. 2018 మే నెలలో దేశమంతటా కంటోన్మెంట్ రోడ్లు తెరవమని రక్షణ శాఖ ఆదేశించింది. ఆ తర్వాత కూడా ఇక్కడ కొన్ని దారుల విషయంలో స్థానికులు వినతిపత్రాలు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు. రాత్రిపూట అలాంటి గేటు దగ్గరకు నీలం గీతను నమ్ముకుని వచ్చినవాళ్ల మొహాలు చూడాలి. గీత గేటును పట్టించుకోకుండా తిన్నగా లోపలికి పోతుంటుంది. కొందరు ఫోన్ని జవానుకు చూపిస్తారు, అనుమతి పత్రం చూపించినట్టు. "చూడండి, రోడ్డు ఉంది కదా!" ఆ జవాను ఏమంటాడు? రోడ్డు ఉన్న మాట నిజమే. తలుపు వేసి ఉన్న మాటా నిజమే.

స్టేషన్ దగ్గర అయోమయం ఇంకో తీరు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు ఒక ద్వారం, పదో నంబరు వైపు, భోయిగూడ దిక్కున, ఇంకో ద్వారం. మెట్రో చూస్తే సికింద్రాబాద్ ఈస్ట్ అని ఒకటి, వెస్ట్ అని ఇంకొకటి. రెండూ వేరువేరు లైన్లు. ఈస్ట్ 2017లో మొదలైంది, వెస్ట్ 2020లో. మెట్రో దిగి రైలెక్కాల్సినవాళ్లు తొందరలో పేరు సగమే చదివి ఈస్ట్‌కు బదులు వెస్ట్ నొక్కేస్తారు. అసలే 2023 ఏప్రిల్‌లో ప్రధాని శంకుస్థాపన చేసిన పునర్నిర్మాణం, 720 కోట్ల రూపాయల అంచనాతో మొదలైన పని. పాత ముఖద్వారం నేలమట్టమైంది. పనుల్ని బట్టి నడిచే దారి ఇవాళ ఒకలా, వచ్చే నెల ఇంకోలా ఉంటుంది. అలాంటిచోట ఎర్రచొక్కా కూలీ అన్న చెప్పిందే తాజా మ్యాప్. ఫోను పట్టుకున్నవాళ్లు కూడా చివరికి ఆయన దగ్గరికే వస్తారు, కాకపోతే రైలు కూత వినపడ్డాక వస్తారు.

ఇప్పటిదాకా చెప్పినవాటన్నిటికంటే గుండె వేగం పెంచేది తెర కింద కనిపించే నిమిషాల లెక్క. నడకలో కిలోమీటరుకు పన్నెండు నిమిషాల చొప్పున యాప్ లెక్క వేస్తుంది, రమారమి. ఫుట్‌పాత్ ఖాళీగా ఉందనుకుని వేసే లెక్క అది. ఇక్కడ ఫుట్‌పాత్ మీద బండి ఉంటుంది, బండి పక్కన బైకు ఉంటుంది, బైకు మీద ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటారు. మనం రోడ్డు మీదికి దిగి చుట్టి వస్తాం. తొమ్మిది నిమిషాలు అన్నది పది అవుతుంది, కాసేపటికి పదకొండు. ఎవరూ ఏమీ అనలేదు, అయినా ఎవరో మందలించినట్టుంటుంది.

పరీక్షల కాలంలో ఈ అంకె పిల్లల్ని ఏం చేస్తుందో చూడాలంటే మార్చి నెలలో పొద్దున ఎనిమిదింటికి మారేడ్‌పల్లి వీధుల్లోకి రండి. ఇంటర్ పరీక్షలకు నిమిషం ఆలస్యమైనా రానివ్వం అనే నిబంధన మన పిల్లలకు తెలుసు. 2024లో దాన్ని అయిదు నిమిషాలకు సడలించారు. 2025లో బోర్డు హాల్‌టికెట్ మీద క్యూఆర్ కోడ్ ముద్రించి, స్కాన్ చేస్తే కేంద్రానికి దారి కనిపించే ఏర్పాటు చేసింది. మంచి పని. తండ్రీ కొడుకులు నడిచి వస్తుంటారు. ఫోను కొడుకు చేతిలో, నీళ్ల సీసా, ప్యాడ్ తండ్రి చేతిలో. కొడుకు "ఇంకా నాలుగు నిమిషాలు నాన్నా" అంటాడు. తండ్రికి ఆ నాలుగు మీద నమ్మకం ఉండదు. కొడుకు చూడకుండా ఇస్త్రీ బండి ఆయన్ని "అన్నా, కాలేజీ ఇటేనా?" అని అడుగుతాడు. ఇస్త్రీ ఆయన పెట్టె ఆపకుండానే గడ్డంతో అటు చూపిస్తాడు. తండ్రి భుజాలు దిగుతాయి. ఫోను చెప్పిందీ అదే దారి, కానీ మనిషి గడ్డం ఎత్తి చూపిస్తే గానీ ఆయనకు ఊపిరాడలేదు. కొడుక్కి మాత్రం తండ్రి అలా అడగడం నామోషీ. ఒకే దారి, ఒకే నడక. ఒకరి ధైర్యం ఇంకొకరికి చిన్నతనంగా అనిపించేంత దూరం ఆ ఇద్దరి మధ్య.

వచ్చిన దారి ఆ కుర్రాడికి రేపు గుర్తుంటుందా? జపాన్‌లో తోరు ఇషికావా బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో మనుషుల్ని వీధుల్లో నడిపించి చూశారు. కొందరికి జీపీఎస్ పరికరం ఇచ్చారు, కొందరికి కాగితం మ్యాపు ఇచ్చారు, కొందరికి ముందే దారి వెంట తీసుకెళ్లి చూపించారు. జీపీఎస్ వాళ్లు ఎక్కువ దూరం నడిచారు, మధ్యలో ఎక్కువసార్లు ఆగారు, నడిచిన దారిని తర్వాత గీయమంటే ముందే దారి చూసినవాళ్లంత బాగా గీయలేకపోయారు. ఆ రోజుల పరికరాలు వేరు, ఇప్పటి ఫోన్లు వేరు అనొచ్చు. అయినా మా వీధిలో అద్దెకు దిగిన కుర్రాళ్లు రోజూ వెళ్లే మెస్‌కు కూడా మ్యాప్ పెట్టుకుని పోవడం చూస్తుంటే ఆ అధ్యయనం పాతబడిందని నాకనిపించదు.

అలాగని యాప్ వెంట నడిస్తే ఆశ్చర్యాలు ఉండవనుకోకండి. బన్సీలాల్‌పేట మెట్లబావినే తీసుకోండి. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయిన బావిని శుభ్రం చేసి, బాగుచేసి, 2022లో మళ్లీ తెరిచారు. దాని కోసం వచ్చేవాళ్లలో చాలామంది ఇరుకు సందుల్లో ఫోను చూసుకుంటూ, ఇటే వెళ్లాలా, ఎవరి ఇంట్లోకైనా దూరుతున్నామా అని బెరుకుగా అడుగులేస్తారు. సందు మలుపు తిరగగానే ఎదురుగా రాతి మెట్లు, కింద నీళ్లు. గమ్యం చేరుకున్నారని ఫోను చెబుతుంటుంది, వినేవాళ్లుండరు. ఫోనుదీ, మనిషిదీ సంతోషం కలిసే చోటు అది. పుట్టి పెరిగిన లష్కర్‌వాళ్లలో కూడా ఆ బావిని మొదటిసారి అలా చూసినవాళ్లున్నారు.

చివరగా, నడిచేవాళ్లు ఇక్కడ, చుక్కను చూసేవాళ్లు ఎక్కడో. ఈ కొత్త సంగతి చెప్పి ముగిస్తాను. పిల్లలు డాలస్‌లోనో, సిడ్నీలోనో ఉంటారు. అమ్మ ఒక్కతే మారేడ్‌పల్లిలో. ఫోనులో లైవ్ లొకేషన్ పెట్టించి వెళ్లారు. అమ్మ మోండా మార్కెట్‌కు బయల్దేరితే అక్కడ నిద్రపోవాల్సిన వేళ కూతురు చుక్క కదలడం చూస్తుంటుంది. చుక్క పది నిమిషాలు ఒకచోట ఆగిందంటే కంగారు. ఫోను మోగుతుంది. "అమ్మా, పడిపోయావా?" "లేదే, దొండకాయలు ఏరుకుంటున్నా." ఇది ప్రేమే, కాదనను. కానీ ఆగిన ప్రతిచోటా సంజాయిషీ ఇవ్వాలంటే ఆ వయసులో విసుగే. మా వీధిలో ఒక అమ్మగారు పాట్ మార్కెట్ బంగారం దుకాణాలకు వెళ్లేటప్పుడు మాత్రం లొకేషన్ ఆపేస్తారు. ఎందుకండీ అని అడిగాను. "నేను దారి తప్పితే నలుగుర్ని అడిగి ఇంటికొస్తాను నాయనా. గ్రాము ఎంతకు కొన్నానో మాత్రం మా అమ్మాయికి తెలియకూడదు" అన్నారు.